మొన్న వచ్చిన పిల్ల

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో నాకో రెండంతస్తుల ఇల్లుంది. ముప్ఫై ఏళ్లు ఆబిడ్స్‌లోని ఓ బడిలో తెలుగు చెప్పాను. భూత, భవిష్యత్, వర్తమాన కాలాల్లో తప్పు రాసిన పిల్లల చెవులు మెలిపెట్టిన చేయి ఇది. విమల టీచరుకు తెలియని విషయం లేదని గల్లీ అంతా నమ్ముతుంది. అందరికంటే ఎక్కువ నేనే నమ్ముతాను.

టాంజానియా నుంచి చదువుకోవడానికి వచ్చిన నీమా మా పై గది కిరాయికి అడిగినప్పుడు, ఈ పిల్లకు హైదరాబాద్ అలవాటు చేసే బాధ్యత దేవుడు నాకే అప్పజెప్పాడనుకున్నాను. అప్పటికే బషీర్‌బాగ్‌లో కాలేజీ హాస్టల్లో ఏడాది ఉందట. ఆ సంగతి లెక్కలోకి తీసుకోలేదు. హాస్టల్లో ఉంటే ఊరు తెలుస్తుందా?

మర్నాడే బకెట్టు కొనిపిస్తానని ఆబిడ్స్ తీసుకెళ్లాను. "ఎంత చెప్తే దాంట్ల సగం అడగాలె. నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంట" అన్నాను. సగం అడిగాను. దుకాణదారు నా చేతిలోంచి బకెట్టు లాక్కుని లోపల పెట్టేశాడు. నీమా నవ్వుతూ, "భయ్యా, జర చూసి చెప్పు" అంది. బకెట్టుతోపాటు మగ్గు ఊరికే వచ్చింది.

ఇంకోరోజు మెట్రో ఎక్కి అమీర్‌పేట పోదామంది. నేనెప్పుడూ ఎక్కలేదని చెప్పడానికి నోరు రాలేదు. ధీమాగా బయల్దేరి, గేటు దగ్గర టికెట్టు ఎక్కడ ఆనించాలో తెలియక నిలబడిపోయాను. వెనకాల లైను పెరిగింది. చివరికి ఆ పిల్లే నా చేయి పట్టుకుని దాటించింది.

సాయంత్రాలు నేను కూరగాయలు తరుగుతుంటే కిందికి దిగి పక్కన కూర్చునేది. హాస్టల్లో వరంగల్ పిల్లలతో ఉండి తెలుగు బాగానే పట్టుకుంది. అయినా పిల్లకు భాష అబ్బాలి కదా అని నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని. నిజం చెప్పొద్దూ, అది ఒక వంక.

చిక్కల్లా ఒక కాగితంతో వచ్చింది. విదేశీ విద్యార్థులు ఇల్లు మారితే కొత్త అడ్రసు గడువులోగా విదేశీయుల నమోదు ఆఫీసులో ఎక్కించుకోవాలట. ఇంటి ఓనరు వచ్చి చెప్పాలట. అడ్రసు ఎక్కకపోతే వీసా పొడిగించరు, చదువు మధ్యలో ఆపి తిరిగి పోవాల్సిందే. నీమా రోజూ గుర్తు చేసింది. నేను రోజూ, "ఔ, అయిపోతది తీయ్" అన్నాను. అలా అనీ అనీ, గడువు ముగిసే రోజు ఇద్దరం పరుగెత్తాం. ఆటోలో మళ్లీ చెప్పాను, "నువ్వు మాట్లాడకు, నేను చూసుకుంట."

కౌంటర్లో వరప్రసాద్ గారని ఒకాయన ఉన్నారు. మాటను బట్టి కాకినాడ వైపు మనిషి.

"ఈ అమ్మాయి మీ ఇంట్లో ఎప్పుడు దిగిందండీ?"

"మొన్ననే వచ్చింది సార్."

ఆయన హాస్టల్ వాళ్లిచ్చిన కాగితం చూశారు. "హాస్టల్ ఖాళీ చేసి పన్నెండు రోజులైందండీ. మొన్న మీ ఇంటికొస్తే, మధ్యలో పది రోజులు ఎక్కడుందండీ?"

"ఎక్కడుంటది? నా దగ్గర్నే ఉన్నది."

"మరి మొన్న వచ్చిందన్నారు?"

"ఔ. మొన్ననే వచ్చింది."

మా ఊరి ఉర్దూలో 'పర్సోం' అంటే గడిచిపోయిన ఏ రోజైనా కావచ్చు. దాని పక్కనే పుట్టి పెరిగిన నా 'మొన్న'కూ అదే రోగం. 'నిన్నటికి ముందు రోజు' అని ముప్ఫై ఏళ్లు బోర్డు మీద రాయించిన మనిషికి ఆ క్షణాన అది తట్టలేదు. ఆయనకు వినపడలేదేమోనని గొంతు పెంచి ఇంకోసారి 'మొన్న' అన్నాను.

ఆయన పెన్నుకు మూత పెట్టారు. "ఇలా రెండు రకాలుగా చెబితే నేను ఎక్కించలేనండీ. పై ఆఫీసరుకు పంపాలి. విచారణ ఉంటుంది."

ఫైలు పక్కకు జరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నీమాయే ముందుకు వంగింది. "సార్, ఆంటీ 'మొన్న' వేరే ఉంటది. ఆంటీ ఫ్రిజ్ మొన్న కొన్నది. దాని వయసు నాకంటె ఎక్కువ. ఆంటీ రిటైర్ మొన్న అయ్యింది. అంకుల్ గూడ మొన్ననే పోయిండు."

వరప్రసాద్ గారు నా వైపు చూశారు. "ఎప్పుడు పోయారమ్మా?"

"పదకొండేళ్లాయె సార్."

ఆయన ఓ తెల్లకాగితం నా ముందుకు తోసి, "అమ్మాయి దిగిన తారీఖు వేసి రాసివ్వండమ్మా. నోటితో చెప్పొద్దు" అన్నారు.

రాశాను. రాస్తుంటే అక్షరాలు అలికినట్టయ్యాయి. మా ఆయన మొన్ననే పోయాడని ఈ పిల్లతో ఎప్పుడన్నానో నాకే గుర్తులేదు. వంకాయలు తరుగుతూ అనుంటాను. నా సోది అని నేనే తీసిపారేసిన మాటల్ని ఒక్కొక్కటీ విని దాచుకుంది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో నా మాట వినే మనిషి లేదు. కౌంటర్ దగ్గరే, అంతమంది చూస్తుండగా, భోరున ఏడ్చేశాను.

వరప్రసాద్ గారు కంగారుపడి గబగబా స్టాంపు వేశారు. "అయ్యో, ఏడవకండమ్మా, ఎక్కించేశాను. అమ్మాయి ఎక్కడికీ పోదు" అన్నారు.