ఒక్క నంబరుకు ఒక్క మనిషి

పుత్తూరులో మా కట్టు వైద్యశాల ముందు గదిలో టోకెన్లు ఇచ్చేది పంకజాక్షక్క. లోపల విరిగిన ఎముకలకు కట్లు కట్టేది నేను. ఆమె గొంతు లేచిందంటే లోపల నా చేతిలో ఆకు పసరు ముద్ద అట్లే ఆగిపోతుంది. పెళ్లయిన రెండో ఏడే మొగుణ్ణి వద్దనుకుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది, ఇంతవరకూ లేవలేదు.

పాత కంప్యూటరులో ఒక ప్రోగ్రాం ఉండేది. ఊరిపేరు కొడితే ఆ ఊరివాళ్లంతా కనిపించేవాళ్లు. పేరు పక్కన అక్క గుర్తులు కూడా రాసుకునేది: 'ఎడమ చెయ్యి, మామిడిచెట్టు మీంచి పడినాడు, నోరు మంచిది కాదు.' మా యజమాని కొడుకు ధర్మేంద్ర దాన్ని పీకించి, ఇంటర్నెట్‌లో తెరుచుకునేది ఒకటి పెట్టించాడు. దాంట్లో ఊరూ లేదు, గుర్తులు రాసే చోటూ లేదు. ఫోన్ నంబరు కొట్టాలి, ఒక్క నంబరుకు ఒక్క మనిషి, అంతే. యాడి నుంచైనా చూడొచ్చంటాడు. ఏం చూస్తావు నాయనా, తెర మీద గిరగిరా తిరిగే ఆ చక్రాన్నా? ఛీ!

పల్లెల నుంచి వచ్చేవాళ్లలో సగం మందికి ఫోనుండదు. తమను ఎక్కించుకొచ్చిన ఆటో మునస్వామి నంబరే చెబుతారు. మళ్లీ తీసుకురావలసినవాడు కూడా అతనే కదా!

మొన్న నగరి నుంచి రుక్మిణమ్మ వచ్చింది. మగ్గం నేసే మనిషి. కుడి మణికట్టుకు నేనే కట్టిన కట్టు బిగుసుకుపోయి, వేళ్లు ఉబ్బి నల్లబడ్డాయి. మునస్వామి నంబరు కొడితే ఎవరో మడమ విరిగినాయన పేరొచ్చింది. పక్కనే 'వైద్యం పూర్తయింది' అని.

"టోకెన్ లేకుండా లోపలికి పంపొద్దక్కా. వేరే నంబరుతో ఎక్కించు," అన్నాడు ధర్మేంద్ర, తన ఫోన్లోంచి తల ఎత్తకుండా.

"ఆయమ్మకు ఫోను యాడుండాది? నా నంబరు పోయిన వారమే ఒక ముసలాయనకు ఇచ్చేసినా. సెయ్యి సూడబ్బా, సెయ్యి!"

"రూల్ అంటే రూలక్కా."

"ఈ సెయ్యి పోతే మగ్గం ఎట్ల ఆడించేది తల్లీ?" రుక్మిణమ్మ ఏడుపందుకుంది.

ఆ అరుపులకు లోపలి నుంచి గుమ్మం దాకా వచ్చి అక్క ముఖం చూశాను. కట్టుకు తెల్లసొన పూసేందుకు తెచ్చిన కోడిగుడ్డు కుళ్లి పగిలినప్పుడు కూడా ఆమె ముఖం అంత అసహ్యంగా మారలేదు. టకటకా ఏదో నంబరు కొట్టింది. ధర్మేంద్ర చేతిలో ఫోను టింగుమంది.

"నంబరు కావాలంటివి గదా, నీదే ఏసినా. గిరీ, ఆయమ్మను లోపలికి తీసకపో!"

కట్టు కోసేశాను. నాలుగు వేళ్లు కదిలాయి, చిటికెన వేలు కదల్లేదు. దాన్నే నిమురుతూ కూర్చున్నాను. చాలాసేపటికి అది కొంచెం వంగింది. రుక్మిణమ్మ ఆ వేలినే చూస్తూ "నాయనా, నాయనా" అంది.

బయటికి పరిగెత్తి "కదిలిందక్కా!" అని అరిచాను. అక్క కుర్చీ ముందు నిలబడి ఉంది. ఆ మాట విని కూలబడి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఏం కదిలిందని కూడా అడగలేదు ధర్మేంద్ర.

"గిరన్నా, ఆయమ్మ మెసేజీలన్నీ ఇంక నాకే వస్తాయే. దాంట్లోంచి నా నంబరు ఎట్ల తీసేది?" అన్నాడు.