దేవరాజు సార్ విరగని లెక్క

దేవరాజు సార్‌కి ఎక్కడ అంకె కనబడినా అది విరుగుతుందో లేదో చూసేదాకా మనసు నిలవదు. విరగడమంటే శేషం లేకుండా భాగం పోవడం. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ విరగనిది ప్రధాన సంఖ్య. అది దొరికిందా, సార్ మొహం పెళ్లికొడుకు మొహమే.

గద్వాల దవాఖానలో డాక్టరు, "బీపీ నూట ముప్పై తొమ్మిదుంది, జర ఉప్పు తగ్గించుర్రి" అంటే, "ఇరగదు సార్! గట్లనే ఉండనియ్యుర్రి" అన్నాడట. నచ్చిన ఇల్లు దొరికినా, తలుపు మీద తొంభై ఒకటి చూసి అద్దెకు దిగలేదు.

"పైకి ఇరగనట్టే ఉంటది మేడం. లోపట ఏడు పదమూళ్లు దాసుకున్నది. గసుంటి ఇంట్ల ఎట్ల పండుకోవాలె?" అని నన్నే అడిగాడు. మల్దకల్ దగ్గరి హైస్కూల్లో ఆయన లెక్కలు చెబుతాడు, నేను తెలుగు.

2024 అక్టోబరులో, అప్పటిదాకా తెలిసినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందని వార్త వచ్చింది. సార్ స్టాఫ్‌రూమ్‌లో జిలేబీ పంచాడు.

"ఎవరి పెండ్లి సార్?"

"నాలుగు కోట్ల పది లక్షల అంకెలు మేడం! సెకండుకొకటి సదివినా పదిహేను నెల్లు దాటుతది" అంటూ, ఆ అంకెలు ప్రింటు తీసిన కాగితాల్లో మొదటి పేజీ పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. భోజనాలు వండే హన్మమ్మ గంట కొట్టి మమ్మల్ని కాపాడింది.

తొమ్మిదో తరగతిలోనూ అదే పాట. "పదమూడు కోట్ల అరవై రెండు లక్షల చిల్లర రెండ్లు గుణించిండ్రు. గది రెండుతోటి ఇరుగుతనే ఉంటది. అండ్లకెల్లి ఒక్కటి తీసిండ్రు. ఇగ దేనితోటి ఇరగలే! ఒక్కటంటే తక్కువ అనుకున్నరా?"

ఆ తరగతిలో పిల్లలు ముప్పై ఒక్కరు. సార్ గర్వం చెప్పనలవి కాదు. దీపావళి కాగానే వాళ్లలో మనీషాను అమ్మానాన్నలు పుణె పనికి వెంట తీసుకుపోయారు. డిసెంబరులో ఆ పిల్ల అవ్వ విజయమ్మ దగ్గరికి తిరిగొచ్చింది గాని, బడికి రాలేదు. పాఠాలన్నీ పోయాయి, అందరూ నవ్వుతారని సిగ్గు. పత్తి ఏరడానికి పోతోంది. హెడ్‌మాస్టరు కబురు పెట్టినా కదల్లేదు.

"మేడం, జర మీ స్కూటీ మీద వస్తరా? నా క్లాసు ఇరిగిపోయింది" అన్నాడు సార్. నవ్వుకుంటూ తీసుకుపోయాను.

చేనులో మనీషా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బిడ్డా, నాకొక సాయం చెయ్యాలె. నువ్వు లేక ముప్పై అయింది. రెండుతోటి, మూడుతోటి, ఐదుతోటి, అన్నిటితోటి ఇరుగుతది. అన్నం తినబుద్ధయితలేదు."

"ఏం పరేషాన్ సార్ ఇది! అంకె కోసం గింత దూరమొచ్చిండ్రా?" అని విజయమ్మ బుగ్గలు నొక్కుకుంది.

మనీషా ఫక్కున నవ్వింది. "నేనొస్తే సరిపోతదా సార్?"

"నువ్వొక్కదానివొస్తే చాలు."

సోమవారం ఆ పిల్ల సార్‌కి ఉపకారం చేస్తున్నట్టు తలెత్తుకుని వచ్చింది. ఇన్నాళ్లు ఎక్కడున్నావని ఎవరూ అడగలేదు. అందరూ "ముప్పై ఒకటి!" అని చప్పట్లు కొట్టారు. పోయిన పాఠాలు సార్ రోజూ ప్రార్థనకు ముందు చెప్పాడు.

జనవరిలో మనీషాయే ఇంకో పిల్లను పట్టుకొచ్చింది. చేనులో తన పక్కన పత్తి ఏరే రేఖ. వెంట వచ్చిన వాళ్లమ్మ కాంతమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది.

నేను ఊరుకోలేదు. "సార్, ముప్పై రెండు ఇరుగుతది కద. వాపస్ పంపుదమా?"

"ఏం మాటలు మేడం! నన్ను గూడ కలుపుర్రి."

"ముప్పై మూడు. మూడుతోటి ఇరుగుతది."

"మీరు?"

"ముప్పై నాలుగు."

"హెడ్‌మాస్టర్ సార్?"

"ముప్పై ఐదు."

"హన్మమ్మ?"

"ముప్పై ఆరు. ఇది మరీ అన్యాయం సార్."

సార్ తల గోక్కున్నాడు. గుమ్మం బయటినుంచి కాంతమ్మ మెల్లగా అడిగింది. "నన్ను గూడ కలుపుతరా సార్?"

"ముప్పై ఏడు!" తరగతంతా ఒక్కసారే అరిచింది. "ఇరగదు!"

"ఇంకా బయటనే నిలబడ్డవేందమ్మా?" అంటూ సార్ తన కుర్చీ ఎత్తుకుపోయి కాంతమ్మకు వేశాడు.