రుద్రవరం వరుసలో చివరి అంకె

శుక్రవారం పొద్దున నంద్యాలలో ఆఫీసుకు నడిచి వెళ్తుంటే మా సందు మలుపులో ఒకావిడ గడపకు జాజు పూస్తోంది. తడిసిన ఎర్రమన్ను వాసన గుప్పుమంది. నా కాళ్ళు ఆగిపోయాయి. వెనకనుంచి ఆటోవాడు హారన్ కొడితే గానీ నడిరోడ్డులో నిలబడ్డానని తెలియలేదు. జాజు వాసన వస్తే తక్కినవాళ్ళకు పండగ గుర్తొస్తుందేమో, నాకు మాత్రం దేవదానం సారు గుర్తొస్తారు. గోడల మీద ఇంటి నంబర్లు, రుద్రవరం దారి, ఆయన పాత మోపెడ్డు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తాయి.

ఆ రోజు ఆయన గుర్తు రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను గణాంకాల ఆఫీసులో పని చేస్తాను. మా జిల్లా కొత్తది. 2011 జనాభా లెక్కలు తీసినప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, అవుకు అన్నీ కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఆ పాత పుస్తకాల్లోంచి మండలం తరవాత మండలం ఏరి, కూడి, కొత్త జిల్లా జనాభా గురించి ఒక చిన్న పుస్తకం తయారు చేయమని నాకు అప్పగించారు. మగవాళ్ళెందరు, ఆడవాళ్ళెందరు, చదువొచ్చినవాళ్ళెందరు, ఆరేళ్ళ లోపు పిల్లలెందరు. చిత్తుప్రతి చూసి మా ఆఫీసరు మొహం చిట్లించారు. "ఏందీ మేడమ్, ఇన్ని అంకెలు? దగ్గరి వేలకు సరిచేసి, చివర సున్నాలు పెట్టండి. చివరివి ఎవరు చూస్తారు?" అన్నారు. తలైతే ఊపి వచ్చాను గానీ, రాయడానికి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే సారు సంగతి చెప్పాలి.

ఆ 2011లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ని. పెళ్ళి కాలేదు. నంద్యాల టౌను తప్ప లోకం ఎరగను. జనాభా లెక్కల డ్యూటీ వేసి, ఆళ్లగడ్డలో శిక్షణకు రమ్మన్నారు. అక్కడ మాకు సూపర్‌వైజరుగా వచ్చిన పెద్దాయనే దేవదానం సారు. బళ్ళో లెక్కల మాస్టరు, కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టి చదువుకున్న మనిషి. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవారు. తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు; ఒకటి తను రాయడానికి, రెండోది పెన్ను మరిచిపోయి వచ్చే నాలాంటివాళ్ళకు. మాట మాత్రం బొత్తిగా మెత్తన కాదు. "ఇంటి నంబర్లు సుద్దముక్కతో రాస్తే మేక వీపు రుద్దుకుంటే పోతాది. జాజుతో రాయండి," అని మా చేతే డబ్బాల్లో జాజు కలిపించారు. నెల పోతే ఎట్లాగూ చెరిగిపోయేదే కదా సార్ అని వెనక ఎవరో గొణిగారు. "మా నాయన బతికినన్ని దినాలు ఆయన పేరు ఒకే ఒక కాయితంలో ఉండె. ఓటర్ల లిస్టు. అది కూడా తప్పు పేరప్పా," అన్నారు సారు.

ఇంటికి పోతే మొదట కూర్చోవాలి, మంచినీళ్ళిస్తే తాగాలి, ఆ తరవాతే కాగితం తియ్యాలి. ఇదీ ఆయన పద్ధతి. నాకేమో తొందర. మొదటి రోజే ఒకావిడ మొగుడి పేరు చెప్పమంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. రెండోసారి గట్టిగా అడిగాను. ఆమె లోపలికే పోయింది. వెనకే నిలబడిన సారు నన్నేమీ అనకుండా పిట్టగోడ అవతలి పక్కింటామెను పిలిచారు. "ఏమ్మా, ఈయమ్మ ఇంటాయన పేరేంది?" ఆమె ఆ మొగుడి పేరుతో పాటు అతని పేకాట సంగతి, తాగుడు సంగతి కూడా చెప్పింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "పేరొక్కటే రాసుకో మ్మా. తక్కింది ఈ గడప దాటగూడదు," అన్నారు సారు. ఆ నెలంతా ఎవరింటి సంగతైనా బస్సులో కూడా మాట్లాడనివ్వలేదు.

రుద్రవరం మండలంలో, నల్లమల అంచున ఒక చెంచుగూడెం నా వంతుకు వచ్చింది. పట్టుమని పాతిక ఇళ్ళు కూడా లేవు. ఒక్క పూటలో ముగించి, నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను. మార్చి ఒకటో తేదీ మొదలయ్యే క్షణానికి ఎవరు బతికుంటే వాళ్ళు లెక్క, అదీ నియమం. రెండో తేదీ సాయంత్రం ఆళ్లగడ్డ టీకొట్టులో నా కాగితాలు సారు చేతిలో పెట్టాను. ఆయన ఒక ఇంటి దగ్గర ఆగారు.

"ఈళ్ళకు పెండ్లయి ఏడాదిన్నర. పసిబిడ్డ ల్యాదా?"

"లేదు సార్. అడిగాను. అత్తే చెప్పింది."

"కోడలు ఏం చేస్తాండె?"

"లోపల కూర్చోనుంది సార్, తలకు గుడ్డ కట్టుకుని. తలనొప్పేమో."

సారు గ్లాసు కింద పెట్టారు. "తలనొప్పి కాదు మ్మా, బాలింత. చెవులకు గాలి తగలకుండా కట్టుకుంటారు. పేరు పెట్టేదాంక ఆ ఇండ్లల్లో బిడ్డను బయటోళ్ళకాడ లెక్క చెప్పరు, దిష్టని. నువ్వు కూర్చోని ఉంటే కనపడేది."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా నోరూరుకోదు కదా. "ఒక్కరి కోసం టోటళ్ళన్నీ మార్చాల్నా సార్?" అన్నాను.

"మార్చాల. పొద్దున్నే బేగా రా."

మర్నాడు శనగ కోసేసిన చేల మధ్యగా ఆయన మోపెడ్డు మీద వెళ్ళాం. ఆ ఇంట్లో దూలానికి చీర ఉయ్యాల పైకి ముడేసి ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు అది నా కంటికి ఆననే లేదు. మమ్మల్ని చూసి అత్త, "ఇంకేం రాస్తావు మ్మా? పిల్లోడు నిన్న పొద్దు వాలేటప్పుడు పాయె. రెండు దినాల జొరం," అంది.

నేను రెండడుగులు వెనక్కు వేశాను. సారు చెప్పులు విడిచి నేల మీద కూర్చున్నారు. ఎవరూ నీళ్ళివ్వలేదు, ఆయన అడగలేదు. ఆ తరవాత నా వైపు చూసి, "రాయి మ్మా," అన్నారు.

"సార్... బిడ్డ లేడు కదా."

"ఒకటో తేదీ ఉండె. ఉన్నోడిని ల్యాడని రాసే హక్కు మనకు ల్యాదు. రాయి."

కోడలు గోడ పట్టుకుని బయటికి వచ్చింది. తలగుడ్డ అట్లాగే ఉంది. "ఏం రాస్తాండారు?" అంది.

"నీ కొడుకును మ్మా. ఊరి లెక్కలోకి. పేరు ల్యాకున్నా రాయొచ్చు," అన్నారు సారు.

ఆమె దూలం కేసి చూసింది. తరవాత ఒక పేరు చెప్పింది. అత్త ఉలిక్కిపడి కోడలి మొహంలోకి చూసింది. ఆ పేరు ఆమె కూడా అప్పుడే విన్నది. నేను రాశాను. వయసు గడిలో సున్నా వేశాను. "యాడ రాసినావ్? సూపీ," అంది ఆ తల్లి. చూపించాను. చదువు రాని మనిషి, ఆ గీత మీద వేలు పెట్టి, సిరా అంటుకునేదాకా తియ్యలేదు.

ఆ మధ్యాహ్నం బడిగదిలో టోటళ్ళన్నీ కొట్టేసి మళ్ళీ కూడుకుంటూ వచ్చాం. ఇంటికి ఒకటి, గూడేనికి ఒకటి, మగపిల్లల గడిలో ఒకటి. నా కళ్ళు ఆగకుండా కారుతున్నాయి. సారు తల ఎత్తకుండానే, "ఏడువు మ్మా. అంకెల మీద పడకుండా ఏడువు," అన్నారు. ఆయన మీద నాకు అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

ఆయన్ను చూసే ఈ ఉద్యోగానికి పరీక్ష రాశాను. రిటైరయ్యాక ఆయన కోయిలకుంట్లలో కూతురి దగ్గర ఉన్నారు, రెండేళ్ళ కిందట పోయారు. ఆయన అరువిచ్చిన రెండో పెన్ను నా దగ్గరే ఉండిపోయింది. ఇవ్వాలని వెళ్ళిన ప్రతిసారీ ఏవో కబుర్లలో పడి మరిచిపోయేదాన్ని, దొంగమొహాన్ని.

మొన్న శుక్రవారం జాజు వాసన ముక్కులో ఉండగానే చిత్తుప్రతి తీసుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళాను. అంకెలు ఏవీ సరిచెయ్యలేదని చెప్పాను.

"ఎందుకు మేడమ్ ఇంత మొండి?"

"వేలకు సరిచేస్తే ఒకరు పోతారు సార్."

"ఎవరు?"

"చెప్పగూడదు సార్."

ఆయన సంతకం పెట్టి కాగితాలు నా వైపు తోశారు. జనాభా లెక్కల్లో పేర్లు అచ్చు కావు, అంకెలే అవుతాయి. ఆ తల్లి పేరు, ఆ బిడ్డ పేరు నాకు తెలుసు. సారు మాట మీద నిలబడి ఇక్కడా రాయను. రుద్రవరం వరుసలో, ఆరేళ్ళ లోపు మగపిల్లల గడిలో, చివరి అంకె మాత్రం ఎట్లా ఉన్నది అట్లాగే అచ్చుకు పోయింది.