వంటవాడికి చప్పట్లు

అమెరికాలో మేముండే నోవైలో మా పక్కింటివాళ్లది అర్జెంటీనా. మంచు కరిగిందంటే చాలు, ప్రతి ఆదివారం పెరట్లో కట్టెల నిప్పుల మీద మాంసం కాలుస్తారు. దాన్ని అసాదో అంటారు. మొదటిసారి పిలిచినప్పుడు చర్చి నుంచి నేరుగా వెళ్లాం. ఆడా మగా అందరూ చెంపకు చెంప ఆనించి పలకరించారు. మా ఆయన బిగుసుకుపోయారు, నాకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ ఇంటాయన రెండు గంటలు నిప్పుల దగ్గర నిలబడ్డాడు గాని, మాంసానికి ఉప్పు తప్ప ఇంకేమీ రాయలేదు. అల్లం వెల్లుల్లి లేవు, కారం సంగతి దేవుడెరుగు. సగం తిన్నాక ఎవరో వంటవాడికి చప్పట్లన్నారు. కాల్చినవాడికి అందరూ చప్పట్లు కొట్టడం వాళ్ల ఆచారమట. మా చర్చిలో పాటకు కొడతారు గాని, వంటకు కొట్టడం అక్కడే చూశాను. మా ఆయన కొరుకుతున్న పక్కటెముకను ప్లేట్లో పడేసి, ప్లేటు గడ్డి మీద పెట్టి, లేచి నిలబడి మరీ కొట్టారు. అందరూ ఆపేశాక కూడా కొట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఆయనకు వండిపెడుతున్నాను. ఉప్పు తక్కువైతేనే నోరు తెరుస్తారు. బాగుంటే మాట్లాడకుండా మారు వడ్డించుకుంటారు. అదే మెప్పనుకుని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. ఉత్త ఉప్పు రాసినవాడికే లేచి నిలబడ్డ మనిషి నాకూ ఒక్కసారి నిలబడాలని పంతం పట్టాను. రెండు వారాలాగి వాళ్లను భోజనానికి పిలిచాను.

గసగసాలు, కొబ్బరి శనివారమే నూరి పెట్టుకున్నాను. చర్చి నుంచి రాగానే పెరట్లో గ్యాస్ పొయ్యి మీద మేక మాంసం వండాను. చీర మార్చుకుని వస్తాను, అయిదు నిమిషాలు కలుపుతూ ఉండండని గరిట మా ఆయన చేతికిచ్చి లోపలికి వెళ్లాను. సరిగ్గా అప్పుడే వాళ్లొచ్చారు.

కళ్ల వెంట నీళ్లు కారుతున్నా లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను లోపలి నుంచి అన్నం గిన్నె తెస్తుంటే చప్పట్లు మొదలయ్యాయి. సిగ్గుపడి గుమ్మంలోనే తలొంచుకున్నాను. తలెత్తి చూస్తే అందరి ముఖాలూ మా ఆయన వైపే ఉన్నాయి. వాళ్ల లెక్కలో పొయ్యి దగ్గర నిలబడ్డవాడే వంటవాడు. ఈయన కాదనలేదు. చిరునవ్వుతో తలూపారు.

"ఐ కుక్డ్ ఇట్," అన్నాను, గిన్నె బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి.

పక్కింటాయన ముఖం ఎర్రబడింది. సారీ చెప్పి, అందర్నీ లేపి, నాకోసం మళ్లీ కొట్టించాడు. వాళ్లావిడ ఈల కూడా వేసింది. నేను వాళ్లనెవర్నీ చూడలేదు. మా ఆయన ప్లేటు పట్టుకుని కూర్చునే ఉన్నారు. నా చూపు గమనించి కుడిచెయ్యి పైకెత్తి చూపించారు.

"చెయ్యి ఎంగిలి కదా, ఎలా కొట్టను?" అన్నారు.

పక్కటెముక కొరికిన రోజు కూడా అది ఎంగిలి చెయ్యే.