వెనక్కి రాని చావు కబురు

మా ఆయన చనిపోయాడని ఇంటర్నెట్‌లో రాసింది నేనే. నేను రాస్తున్నప్పుడు ఆయన పక్క గదిలో పల్లీలు తింటున్నాడు.

అక్షరాలు దిద్దుకునేసరికి నాకు యాభై దాటాయి. ఎల్బీ నగర్‌లో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళకు చదువు చెప్పేవారు. నా బిడ్డ కంటే చిన్నదైన టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని దిద్దించింది. రాయడం వచ్చాక ఆ చెయ్యి ఊరుకోలేదు. పొట్లం కాగితాల మీద రాశాను, వంటింటి గోడ మీద రాశాను. అప్పట్లో మాకు ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీ ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేది. కనెక్షన్ తీసుకున్న ప్రతి ఇంటికీ వాళ్ళు ఒక సొంత పేజీ ఉచితంగా ఇచ్చేవారు. చాలామంది దాన్ని తెరిచి కూడా చూడలేదు. నేను మాత్రం వదల్లేదు. ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతికి నొక్కుతూ రోజూ కొంచెం రాసేదాన్ని. ఆ రోజు వండిన కూర గురించి, మెట్రో పిల్లర్ కింద జరిగిన కొట్లాట గురించి, నల్లగొండ దిక్కు మా ఊరి ముచ్చట్ల గురించి. ఊళ్ళో చుట్టాలు, మీర్‌పేట్‌లో మా ఆడబిడ్డ ఇంటివాళ్ళు పొద్దున్నే అది చూసేవారు. ఇల్లు ఆయనది, ఊళ్ళో చెలక భూమి ఆయనది. పేజీ ఒక్కటే నాది అనుకునేదాన్ని.

ఒకనాడు ఆయన మిద్దె మీద నిలబడి బీడీ కాలుస్తుంటే కాకి వచ్చి నెత్తి మీద తన్నింది. గీరుకుపోయి రక్తం కనబడింది. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. ఫోన్‌లో ఆడబిడ్డకు చెప్తే ఆవిడ నవ్వలేదు. అన్నం కూడా తినకుండా ఆటో ఎక్కి వచ్చేసింది.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. కాకి నెత్తిన తంతే అది చావు సూచన. ఆ మనిషి పోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం గడుస్తుంది. పొద్దు గుంకేలోగా కబురు పంపినవాళ్ళే దాన్ని వెనక్కి తీసుకోవాలి. తీసుకోకపోతే ఏమవుతుందో మా పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. తీసుకోకుండా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు మరి.

"ఫోన్లు చెయ్యి," అంది ఆడబిడ్డ.

"నా నోటికి అబద్ధం రాదు వదినె. నవ్వొస్తది."

"నోరెందుకే? చేతులు లేవా? గా పేజీల రాయి. అందరు సూస్తరు, అందరు ఏడుస్తరు."

పక్క గదిలోంచి ఆయన, "రాస్తే మంచిగ రాయే. తాగి సచ్చిండని రాయకు," అన్నాడు.

"ఈ పొద్దున మా ఆయన మమ్మల్ని విడిచిపెట్టి పోయాడు" అని రాశాను. అంతే. తారీఖు వేయలేదు. సాయంత్రం చెరిపేసేదానికి తారీఖెందుకు?

చుట్టాలు బాగానే ఏడ్చారు. ఏడ్చినవాళ్ళకు ఏడ్చినట్టే ఆడబిడ్డ ఫోన్ చేసి నిజం చెప్పింది. మా తమ్ముడైతే అప్పటికే బండి మీద సగం దూరం వచ్చాడు. "ఏంది అక్కా గీ పోయేకాలం! బావను ఫోన్ల దగ్గ మను, గప్పుడు నమ్ముతా," అని తిట్టాడు. ఆయన దగ్గాడు. అందరం నవ్వుకున్నాం.

నోటితో చెప్పింది సరే, రాసింది చెరపాలి కదా. ఎండ గోడ మీదికి ఎక్కుతుండగా పేజీ తెరిచాను. చదవనిచ్చింది, రాయనివ్వలేదు. పాస్‌వర్డ్ తప్పంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పే అంది. నేను అలా కొడుతూ ఉండగానే పొద్దు గుంకింది. ఆడబిడ్డ లైటు వేయనివ్వలేదు. చాప మీద అట్లాగే కూర్చుని, "తీసుకున్నట్టు కాలే పిల్లా," అంది. 

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయాను. ఆఫీసు అదే, బోర్డు మారింది. లోపల కోస్తా మాట మాట్లాడే అమ్మాయి కూర్చుని ఉంది.

"పాత కంపెనీని మా వాళ్ళు కొనేశారండి. నిన్న మధ్యాహ్నం నుంచి పాత పేజీలన్నీ చదువుకోవడానికే. ఎవరూ మార్చలేరు. మీకు మెసేజ్ పంపాం కదా ఆంటీ?"

పంపారు. ఇంగ్లీషులో పంపారు. నేను నేర్చుకున్నది తెలుగు.

"ఒక్క మాట తీసెయ్యాలె బిడ్డా. గంతే."

"కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందండి?"

ఆయన పేరు మీద ఉంది. అంటే పేజీ కూడా ఆయనదే అని నాకు అక్కడే తెలిసింది. ఆ అమ్మాయి తెర మీద చదివి గొంతు తగ్గించింది. "అయ్యో, అంకుల్ ఈ పొద్దున్నే పోయారా? ఇంత కష్టంలో మీరెందుకొచ్చారు ఆంటీ? తర్వాత డెత్ సర్టిఫికెట్ తీసుకురండి. పేజీ మీ పేరు మీదకి మార్చి పాస్‌వర్డ్ ఇచ్చేస్తాం. అలాంటివాళ్ళకి మాత్రం ఇస్తున్నాం."

ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "నేనే బిడ్డా, గా పోయినోన్ని."

ఆ అమ్మాయి ఆయన్ని చూసింది, తెరను చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. "అయితే కుదరదండి. ఉన్నవాళ్ళవి ఇవ్వడం లేదు," అంది.

తిరిగి వస్తుంటే మెట్రోలో ఆయన, "నేను పోతేగాని నీ పేజీ నీకు రాదన్నట్టు," అన్నాడు.

"నోర్మూస్కో," అన్నాను.

తర్వాతే అసలు సంగతి మొదలైంది. తారీఖు లేదు కదా, ఏ రోజు ఎవరు తెరిచినా "ఈ పొద్దున" అనే ఉంటుంది. ఎండాకాలంలో తెరిచినవాళ్ళకు ఎండాకాలం పొద్దున పోయాడు. వానల్లో తెరిచినవాళ్ళకు వానలో పోయాడు. ఆయనతో లారీ నడిపిన పాత జతగాడు ఒకాయన వనస్థలిపురం నుంచి పూలదండ పట్టుకుని వచ్చాడు. తలుపు తీసింది ఈయనే. జతగాడు గడప దాటలేదు. నేను ఎంత చెప్పినా వింటూ నిలబడ్డాడే కానీ చూపు మాత్రం ఈయన కాళ్ళ మీదే పెట్టుకున్నాడు. పోతూ పోతూ దండను గేటుకు తగిలించి పోయాడు. దాన్ని ముట్టుకోవడానికి మా ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. ఎండి, రాలి, చివరికి దారం మిగిలింది.

పేజీ కింద ఎవరైనా నాలుగు మాటలు రాసే చోటు ఉంది, దాన్ని మాత్రం కంపెనీ మూయలేదు. అక్కడ మాకు తెలియనివాళ్ళు రాయడం మొదలుపెట్టారు. ఒకరు ఇలా రాశారు: "నిన్న సాయంత్రమే చైతన్యపురి స్టేషన్ మెట్ల దగ్గర కలిశాడు. చాలాసేపు మాట్లాడాడు. నమ్మలేకపోతున్నాను."

చదివి వినిపించాను. ఆయన పల్లీల గిన్నె పక్కన పెట్టాడు.

"నేను నిన్న ఇల్లు కదల్లేదు గదనే."

"అవును."

"మరి గాయనతోని మాట్లాడిందెవరు?"

ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ తర్వాత ఆయన మిద్దె ఎక్కడం మానేశాడు. బీడీ మానేశాడు. బీడీ మానమని నేను పెళ్ళైనప్పటి నుంచీ మొత్తుకున్నాను, అది మానినప్పుడు మాత్రం నాకు సంతోషం కలగలేదు. రోజూ నేను ఫోన్ తీయగానే, "ఇయ్యాల ఏముంది?" అని అడిగేవాడు. "అదే ఉంది," అనేదాన్ని. అది విన్నాకే ముఖం కడిగేవాడు. తిండి తగ్గింది. గుర్తింపు కార్డు కోసం ఫోటో దిగమంటే, "నాకెందుకు?" అన్నాడు. ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. పేజీ పోతే పోయింది, మనిషిని కూడా అది తీసుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా?

పాస్‌వర్డ్ లేకపోయినా కింద రాయొచ్చు కదా, నేనూ పరాయిదానిలాగే రాశాను. "ఆయన భార్యను రాస్తున్నాను. ఆయన బతికే ఉన్నాడు. ఇప్పుడే ఉప్మా తిన్నాడు. ఇది అబద్ధపు కబురు, ఎవరూ ఏడవకండి." పంపి, అదే చదివి వినిపించాను. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఉప్మా ఎందుకు రాసినవే, ఉప్పు లేకుండె," అన్నాడు.

మధ్యాహ్నానికి దాని కింద జవాబులు వచ్చాయి. "అమ్మా, ధైర్యంగా ఉండండి." "మా నాన్న పోయినప్పుడు మా అమ్మ కూడా ఇలాగే రోజూ కంచంలో వడ్డించేది." "కొన్నాళ్ళు అలాగే అనిపిస్తుంది. పక్కనే ఉన్నట్టు ఉంటుంది. మాట్లాడినట్టు కూడా ఉంటుంది. తర్వాత తగ్గిపోతుంది."

వాళ్ళు మంచివాళ్ళు. ఒక్కరు కూడా వెక్కిరించలేదు. వెక్కిరించినా బాగుండేది. నేను చదువుతూ చదువుతూ తలెత్తి కుర్చీ వైపు చూశాను. ఆయన ఉన్నాడు. ఉన్నాడని చూసుకోవలసి వచ్చింది నాకు.

"ఏమన్నరు?" అని అడిగాడు.

"నమ్ముతలేరు."

"ఊకో ఇగ. ఆళ్ళను ఏడ్వనీ," అని అటు తిరిగి పడుకున్నాడు.

నేను దేనికీ జడిసే మనిషిని కాదు. అయినా ఇప్పుడు ఆయన కంటే ముందు లేస్తున్నాను. పొయ్యి ముట్టించే ముందు మంచం దగ్గరికి పోయి ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాను. ఆయనకు తెలియదనుకున్నాను. మొన్న అలాగే చెయ్యి పెట్టి వంగి ఉంటే, కళ్ళు తెరవకుండానే పెదవులు కదిపాడు.

"ఇంకా ఉన్ననే. పోయి చాయ్ పెట్టు."