ఆగమ్మ తుడవని టేబుల్

మా కంటి ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో నా పక్క కుర్చీ ఆవిడది. ఏ పని చెప్పినా ముందు "ఆగండి" అంటుంది కాబట్టి ఆగమ్మ అని పేరు పెట్టాం. పెట్టింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆరేళ్ల క్రితం వేరే ఆఫీసులో, స్కూలు బస్సుల వెబ్‌సైట్ నుంచి అక్కర్లేదనుకున్న మోడల్ ఒకదాన్ని, అంటే సమాచారాన్ని తెరమీదకు తెచ్చే కోడ్ ముక్కని, వివరాలన్నీ దాచిన టేబుల్‌తో సహా ఒక్క దెబ్బకి తీసేసిందట. బస్సులు ఆగే చోట్ల వివరాలు అందులోనే ఉండటంతో, మర్నాడు పిల్లలు గంటసేపు రోడ్డు మీద నిలబడ్డారు. అప్పటినుంచి ఆమెది ఒకటే పద్ధతి. ముందు మోడల్‌ను కోడ్‌లోంచి తీసెయ్యాలి. డేటా ఉన్న టేబుల్‌ను మాత్రం నెలరోజులు ముట్టుకోకూడదు. ఎవరూ లబోదిబోమనకపోతే అప్పుడు తుడిచెయ్యాలి.

కొత్త మేనేజర్‌కి ఇదంతా చాదస్తం. ఆపరేషన్ తేదీలు ఇప్పుడు మెసేజ్‌లలో వెళ్తున్నాయి కదా, రోగులకు ఫోన్ చేసి చెప్పే పాత పిలుపుల జాబితా ఎందుకన్నాడు.

"కోడ్‌లోంచి ఇవాళే తీసేస్తానండీ. టేబుల్‌ను ఒక నెల ఉండనివ్వండి. నెలకోసారి తెరిచేవాళ్లుంటే?"

"ఎవరూ లేరమ్మా! శుక్రవారం సాయంత్రంలోగా తుడవకపోతే నేనే తుడిచేస్తా."

రోగుల వివరాలకు కాపీలు ఉంచకూడదని మా నియమం. తుడిస్తే ఇక అంతే.

ఆమె అన్నట్టే కోడ్ మాత్రం తీసేసి, ఆ జాబితా ఎవరైనా వాడుతున్నారా అని మూడంతస్తులూ తిరిగి ఆరా తీసింది. అందరూ తల అడ్డంగా ఊపారు. "వదిలెయ్ తల్లీ, ఆయనతో నీకెందుకు?" అన్నాను. "మీకూ నేనంటే వెటకారమే" అని కీబోర్డు విసురుగా నెట్టేసింది. కళ్లలో నీళ్లు.

శుక్రవారం పదకొండింటికి, పదిహేను రోజుల సెలవు నుంచి ఆరోజే వచ్చిన ఆపరేషన్ వార్డు నర్సమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కింది.

"నా జాబితా రావట్లేదేంటమ్మా? ఫోన్ లేనివాళ్ల పక్కింటి నంబర్లన్నీ దాన్లోనే ఉన్నాయి. సోమవారం నలభై ఒక్కమందికి ఆపరేషన్లు. ఇవాళ పిలవకపోతే ఒక్కరూ రారు!"

టేబుల్ చెక్కుచెదరకుండా ఉంది కాబట్టి, ఆగమ్మ పావుగంటలో పేజీని తిరిగి నిలబెట్టింది. నర్సమ్మ నా ఫోన్ లాక్కుని అక్కడే కూర్చుంది. "బాబూ, మీ పక్కింటి తాతగారిని ఒకసారి పిలుస్తావా?"

అప్పుడే మేనేజర్ వచ్చాడు. మంచిపని చేశావంటాడేమో అనుకున్నాను.

"ఈ సంగతి ముందే కనుక్కోవద్దూ? ఇంతకీ ఆ టేబుల్ ఎప్పుడు తీస్తావ్?"

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోయాను.

ఆగమ్మ ఆయనవైపు తల కూడా తిప్పలేదు. నర్సమ్మ చేతిలోని ఫోన్లో అవతల తాతగారు లైన్లోకి వస్తున్నారు. చెయ్యెత్తి, "ఆగండి" అంది.