పెదనాన్న చదివిన జాబితా

మా పెదనాన్న చర్చిలో వాక్యం చదవడం మానేయడానికి కారణం నేను. ఆయన బతికి ఉన్నంతకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కూడా.

ఆయన నందిగామలో హైస్కూలు పంతులు, మా నాన్నకు అన్న. ఆదివారం ఆరాధనలో పాస్టరు ప్రసంగానికి ముందు బైబిలు చదివే పని ఇరవై ఏళ్ళుగా ఆయనదే. పెద్ద గొంతేమీ కాదు, ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు. చదువు రానివాళ్ళకు కూడా ఆయన చదువుతుంటే ఏ మాట ఎవరు అంటున్నారో తెలిసిపోయేది. శనివారం సాయంత్రమే ఆ భాగం ఒకసారి పైకి చదువుకునేవాడు. పెద్దమ్మ వంటింట్లోంచి వినేది.

తొంభైల చివర్లో డిగ్రీ పూర్తిచేసి నేను వాళ్ళింట్లో ఉన్నాను. నందిగామలో నాకు తెలిసిన కంప్యూటర్ సెంటర్లో టైపింగు తప్ప పెద్దగా నేర్పేవారు కాదు. సి లాంగ్వేజి చెప్పే మాస్టారు జగ్గయ్యపేటలో ఉన్నాడని తెలిసి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. చిల్లకల్లు దాకా హైవే, అక్కడినుంచి పేట లోపలికి. ఒళ్ళో పెద్దమ్మ కట్టిన క్యారేజీ. సెంటర్లో చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. సిమెంటు లారీలు రోజంతా తిరిగే ఆ రోడ్డు పక్కన, దుమ్ము మా చెప్పులతోనే వస్తుందని వాళ్ళ నమ్మకం.

పెదనాన్న దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. అవసరమైతే రక్తం ఇస్తామని ఒప్పుకున్నవాళ్ళ వివరాలు అందులో రాసేవాడు. ఒక్కో మనిషికి ఒక్కో గీత: పేరు, ఊరు, ఫోన్ నంబరు, రక్తం గ్రూపు. మొదటి గీతలో ఆయన స్కూల్లోనే పనిచేసే లెక్కల టీచరు. ఆవిడది ఓ నెగటివ్. అది చాలా తక్కువమందికి ఉంటుందని ఎవరో డాక్టరు చెబితే విని, ఆవిడ పేరుతోనే పుస్తకం మొదలుపెట్టాడు. తర్వాత చర్చివాళ్ళు, స్కూలువాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కలిపి అరవై మంది దాకా అయ్యారు.

ఆ పుస్తకాన్ని కంప్యూటర్లో ఎక్కించి, పేర్లు అక్షరక్రమంలో పెట్టిస్తానని అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. నిజానికి రక్తం కావలసినవాళ్ళు వెతికేది గ్రూపును, పేరును కాదు. ఆపాటి ఆలోచన కూడా నాకు రాలేదు. పేర్లను క్రమంలో పెట్టడం ఆ వారమే నేర్చుకున్నాను, అందుకని అదే చేయాలనిపించింది.

అప్పటికి మాకు ఎర్రేల వరకు పాఠం అయింది. ఎర్రే అంటే ఒకే రకం సమాచారాన్ని వరసగా పెట్టుకునే గళ్ళు. పేర్లకు ఒక వరస, ఊళ్ళకు ఒకటి, ఫోన్లకు ఒకటి, గ్రూపులకు ఒకటి. మాస్టారు నేను కాగితం మీద రాసుకున్న ప్రోగ్రాం చూసి అన్నాడు.

"ఈ పని స్ట్రక్చర్‌తో చెయ్యాలమ్మా. సోమవారం మొదలుపెడుతున్నాం. ఆగరాదూ?"

"ఆదివారం చర్చిలో ఇవ్వాలండి."

"ఆదివారానికి కావాలని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

శనివారం పెదనాన్న నోటుబుక్కు చంకలో పెట్టుకుని నాతోపాటు పేట వచ్చాడు. చెప్పులు విప్పి, నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. చర్చిలో చదివినట్టే. పేరు దగ్గర ఆగి, ఊరు దగ్గర ఆగి, గ్రూపు దగ్గర గొంతు దించి. పక్క సిస్టమ్ దగ్గరున్న ఒకతను ఉండబట్టలేక అడిగాడు.

"సార్, మమ్మల్ని ఆమెన్ అనమంటారా?"

"ఆఖర్న అందువులే నాయనా, ఇంకా యాభై మంది ఉన్నారు," అన్నాడు పెదనాన్న.

అందరూ నవ్వారు, ఆయన కూడా. నాకు మాత్రం సిగ్గేసింది. ఆయన ప్రతి గీతా రెండేసిసార్లు చదువుతున్నాడు. "ఒకసారి చాలు పెదనాన్నా, నేను చూసుకుంటా," అన్నాను. అప్పటినుంచి ఒక్కసారే చదివాడు.

ఆయన బయటికి వెళ్ళి టీ తాగొచ్చేలోపు మిగతా పని చేశాను. రెండు పేర్లను పోల్చి, ముందు రావలసినదాన్ని ముందుకు జరపాలి. పేరు జరిగినప్పుడల్లా దానితోపాటు ఊరు, ఫోను, గ్రూపు కూడా జరగాలి. నాలుగూ విడివిడి వరసలు కనుక జరిపే పనిని నాలుగుసార్లు రాయాలి, ఒక్కోదానికి మూడేసి లైన్లు. పేరుకు రాశాను. ఊరుకు రాశాను. ఫోనుకు రాశాను. గ్రూపుకు రాయలేదు. ఎందుకు రాయలేదంటే చెప్పుకోదగ్గ కారణం లేదు. బస్సు టైమవుతోంది.

పేర్లన్నీ వరసలోకి వచ్చాయి. ప్రతి పేరు పక్కనా దాని ఊరే, దాని ఫోనే. గ్రూపులు మాత్రం నోటుబుక్కులో ఉన్న వరసలోనే కదలకుండా ఉండిపోయాయి. నేను పేర్లు చూసుకుని, అడుగున తయారుచేసినవారు అని నా పేరు కొట్టి, మూడు కాపీలు ప్రింటు తీశాను. ఒకటి చర్చికి, ఒకటి హైవే పక్క నర్సింగ్ హోమ్‌కు, ఒకటి పెదనాన్నకు.

తర్వాతి గురువారం కరెంటు కోతని సెంటరు లేదు, ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం నర్సింగ్ హోమ్ నుంచి కబురొచ్చింది. కాన్పయిన ఒకామెకు రక్తం ఆగడం లేదు. ఓ నెగటివ్ కావాలి. జాబితా చూసి చెవిటికల్లు ఊళ్ళో ఒక రైతుకు ఫోన్ చేసి పిలిపిస్తే, పరీక్షలో అతనిది బి పాజిటివ్ అని తేలింది. నేను స్కూలుకు పరుగెత్తి పెదనాన్నకు చెప్పాను.

"ఓ నెగటివ్ మన లెక్కల టీచరుది కదమ్మా!" అంటూనే ఆయన లేచాడు. ఆవిడను క్లాసులోంచి పిలిచి, ముగ్గురం ఆటోలో వెళ్ళాం. అప్పటికి గంటన్నర గడిచిపోయింది. మెట్ల మీద ఆ బాలింత తల్లి ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని కూర్చుని ఉంది. టీచరును నేరుగా రక్తం తీసే గదిలోకి తీసుకెళ్ళారు.

ఆ బాలింత బతికింది, బిడ్డ కూడా. ఇది ముందే చెప్పేయడం నాకు మంచిది. ఎందుకంటే చాలా ఏళ్ళు నేను ఈ వాక్యం వెనకే దాక్కున్నాను.

చెవిటికల్లు రైతు వరండాలోనే ఉన్నాడు. చేలో మందు కొడుతూ అలాగే వచ్చాడేమో, చొక్కా అంతా మందు వాసన.

"నాది బి పాజిటివేనండి పంతులుగారూ. మూడేళ్ళ నుంచీ అదే చెప్తన్నా. కంప్యూటర్ ఎక్కగానే మారిద్దా రక్తం?"

పెదనాన్న గోడకున్న కాగితం తీసి చూశాడు. రైతు పేరు పక్కన ఓ నెగటివ్. టీచరు పేరు వెతికాడు. ఆవిడ పక్కన బి పాజిటివ్. అది అనుకోకుండా అలా పడింది, జాబితాలో చాలామందిది అదే గ్రూపు. కానీ ఆయనకు అది చాలింది.

"ఇద్దరివీ తారుమారు చేసి చదివాను. కంప్యూటర్‌దేం లేదయ్యా, అది చెప్పింది చెప్పినట్టు వేసిద్ది. చదివింది నేను. గీత తప్పాను." నా వైపు తిరిగాడు. "అంతేగా అమ్మా?"

నేను ఆ కాగితంలో అన్నిటికన్నా పైనున్న గీతనే చూస్తున్నాను. జాబితా ఇంగ్లీషులో ఉంది, రైతు పేరు ఎ అక్షరంతో మొదలవుతుంది, అందుకని మొదట వచ్చింది. నోటుబుక్కులో మొదటి గీతది ఓ నెగటివ్. ఇక్కడా మొదటి గీతది ఓ నెగటివే. మనిషి మారాడు, గ్రూపు మారలేదు. మొత్తం జాబితా ఇలాగే ఉంటుందని నాకు ఆ నిమిషంలోనే తెలిసింది.

"అయ్యుండొచ్చు పెదనాన్నా," అన్నాను.

"పోన్లెండి, కళ్ళజోడు మార్పించుకోండి," అన్నాడు రైతు. "మందు డ్రమ్ము గట్టు మీదే వదిలేసొచ్చా. గేదెలు మూతి పెట్టకముందే పోవాల."

సాయంత్రంలోపు మూడు కాపీలూ వెనక్కి తెచ్చి చించేశాను. మర్నాడు పేట వెళ్ళి తప్పు ఏమిటో మాస్టారుకు చూపించాను. ఆయన కోప్పడలేదు. నా క్యారేజీ వైపు చెయ్యి చూపించాడు.

"అన్నం గిన్నె, పప్పు గిన్నె, పెరుగు గిన్నె విడివిడిగా చేత్తో పట్టుకుని బస్సెక్కితే ఏదో ఒకటి సీట్లో మర్చిపోతావా లేదా? స్ట్రక్చర్ అంటే ఈ క్యారేజీ. గిన్నెల్ని మొయ్యకు, క్యారేజీని మొయ్యి."

పేరు, ఊరు, ఫోను, గ్రూపు నాలుగూ కలిపి ఒక మనిషిగా కట్టించాడు. ఇప్పుడు జరిపే పని ఒక్కసారి రాస్తే చాలు, మనిషి మొత్తంగా కదులుతాడు. పన్నెండు లైన్ల చోట మూడు. మర్చిపోవడానికి అందులో ఏమీ లేదు.

"మీ పెదనాన్నగారికి చెప్పావా తప్పు ప్రోగ్రాందని?"

"చెప్పానండి."

కొత్త జాబితా అడుగున నా పేరు వేసుకోలేదు.

ఆ ఆదివారం పెదనాన్న ఎప్పటిలా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. బైబిలు తెరవలేదు. ఈమధ్య చదవడంలో తన చూపు గీత తప్పుతోందని, మొన్న దానివల్ల ఒక తల్లి ప్రాణం మీదికి వచ్చిందని, దేవుని వాక్యం దగ్గర అలా జరగకూడదని, ఇకనుంచి వేరెవరైనా చదవాలని చెప్పాడు. వెళ్ళి మగవాళ్ళ వైపు కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద పెద్దమ్మ నన్ను మోచేత్తో పొడిచింది.

"ఏంటే ఇది? నీకేమన్నా చెప్పాడా?"

"లేదు పెద్దమ్మా."

తర్వాత విజయవాడ తీసుకెళ్ళి కళ్ళు చూపించారు. బాగానే ఉన్నాయన్నారు. అది విని నేను తేలికపడ్డాను. ఆయన పడలేదు. "కళ్ళు బాగుంటే మరి బుర్రేనేమో," అన్నాడు. అప్పటినుంచి పేపరు చదివినా, ఉత్తరం చదివినా, గీత కింద స్కూల్లో వాడే చెక్క స్కేలు పెట్టుకునేవాడు. చదువుతూ దాన్ని కిందికి జరుపుకుంటూ పోయేవాడు.

కొన్నేళ్ళకు నేను నందిగామ దగ్గర ఒక కాలేజీలో సి చెప్పడం మొదలుపెట్టాను. స్ట్రక్చర్ల పాఠం వచ్చినప్పుడల్లా రక్తదాతల జాబితానే ఉదాహరణ. ఒక అమ్మాయి ఇలా తప్పు చేసిందని చెప్పేదాన్ని, ఎవరో అమ్మాయి అన్నట్టు. ఒకసారి పెదనాన్న నా పాఠం నోట్సు చూసి అదేమిటని అడిగాడు. వివరించాను.

"అంటే గీతకు గీతే కదులుద్దన్నమాట."

"అవును పెదనాన్నా."

"మంచి పద్ధతి," అని స్కేలు కిందికి జరుపుకుని పేపర్లో పడ్డాడు. ఇంకొక్క మాట చెబితే సరిపోయేది. పెద్దమ్మ కాఫీ తెచ్చింది. నేను గ్లాసు అందుకున్నాను.

ఆయన పోయాక, జ్ఞాపకార్థ కూడికలో వాక్యం నన్ను చదవమన్నారు. ముందురోజు పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చివరిదాకా తల ఎత్తలేదు.

"ఆదివారం పొద్దున్నే గొంతు సవరించుకునేవాడు, అలవాటుకొద్దీ," అంది. "తర్వాత గుర్తొచ్చి ఊరుకునేవాడు. ఇన్నేళ్ళూ నేను అది వింటానే ఉన్నా. ఇప్పుడు నాకెందుకు చెప్తన్నావ్? ఆయన అందరి ముందూ నిలబడి చెప్పుకున్నాడు. నువ్వూ అక్కడే చెప్పు."

చెప్పాను. చదవడానికి ముందు నాలుగు వాక్యాల్లో చెప్పాను. ఆ జాబితాలో తప్పు పెదనాన్న చదవడంలో లేదని, నేను రాయడంలో ఉందని, నాకు ఆ రోజే తెలుసని, దాచానని. చాలామందికి జాబితా అంటే ఏమిటో కూడా గుర్తులేదు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కవాళ్ళను "ఏ లిస్టు?" అని అడగడం వినిపించింది. పెదనాన్న బైబిల్లోనే ఉన్న చెక్క స్కేలు గీత కింద పెట్టుకుని చదివాను. రెండుచోట్ల ఆగకూడని దగ్గర ఆగాను.

అయిపోయాక లెక్కల టీచరు నా దగ్గరికొచ్చింది. రిటైరైపోయింది, మనిషి చిక్కిపోయింది. నా చెయ్యి పట్టుకుంటుందనుకున్నాను. పట్టుకోలేదు.

"స్కూల్లో హాజరు పిలవడం కూడా మానేశాడమ్మా ఆయన," అంది. "రిటైరయ్యేదాకా క్లాసు లీడరుతో పిలిపించేవాడు. ఎందుకండీ అంటే, ఒకరి బదులు ఇంకొకరికి ఆబ్సెంట్ వేస్తానేమోనని భయమండీ అనేవాడు."

ఈ సంగతి నాకు తెలియదు. ఆవిడ చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది. నేను చాపలు మడతపెట్టడానికి లోపలికి వెళ్ళాను.